30 సెకన్ల పంచాయితీ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. ఆ తేదీ దగ్గరపడ్డప్పటి నుంచి ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల ల్యాబుల్లో ఒకటే పని, సిస్టములన్నిటికీ కొత్త ఓఎస్ ఎక్కించడం. టీపీఎం 2.0 చిప్పు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసరు ఉంటే విండోస్ 11. లేకుంటే డెబియనో, ఉబుంటువో. పెన్‌డ్రైవ్ పట్టుకొని ఒక్కో సిస్టం ముందు కూర్చుంటే సెమిస్టర్ గడిచిపోతుంది కాబట్టి నెట్‌వర్క్ మీద నుంచే ఎక్కిస్తారు. సిస్టం ఆన్ చేయగానే అది తీగ మీదుగా సర్వర్‌ను వెతుక్కుంటుంది, ఒక చిన్న ఓఎస్‌ను మెమరీలోకి దించుకుంటుంది. ఆ చిన్నది పెద్ద ఓఎస్‌ను తెచ్చి డిస్కు మీద పరుస్తుంది. విండోస్‌లో ఈ చిన్నదాని పేరు విన్‌పీఈ. అది లేచిన మొదటి నిమిషంలో స్టార్ట్‌నెట్ అనే స్క్రిప్టు నడుస్తుంది. అందులో మన సొంత రాతలు ఉండొచ్చా, ఉంటే ఎంతవరకు అన్నదే ఇక్కడి తగువు.

తగవులాడే ఇద్దరూ తెలిసినవాళ్లే. ఆమె మహబూబ్‌నగర్ వైపు ఒక కాలేజీలో ల్యాబులు చూస్తుంది. స్క్రిప్టులు రాయడం ఆమెకు ఉద్యోగమూ, సరదా కూడా. ఆయనది నల్లగొండ. కేబుళ్లు లాగే పనితో మొదలుపెట్టి ఇప్పుడు కొన్ని కాలేజీల స్విచ్చులు, ర్యాకులు చూసుకుంటాడు. పేర్లతో పని లేదు, ఊళ్ల పేర్లతోనే పిలుస్తాను. మహబూబ్‌నగర్ అంటే పాలమూరే కాబట్టి ఆమె పాలమూరు, ఆయన నల్లగొండ.

నల్లగొండ: చెల్లె, నీ బూట్ ఇమేజ్ మౌంట్ చేసి చూసిన. స్టార్ట్‌నెట్ తెరిస్తే కిందికి జరపంగ జరపంగ అయిపోతలేదు. మైక్రోసాఫ్టోళ్లు అండ్ల ఒక్క లైనే పెట్టి ఇస్తరు, డబ్ల్యూపీఈ ఇనిట్ అని. నువ్వు దాన్ని 150 లైన్లు చేసినవు. ఏందది?

పాలమూరు: ఆ ఒక్క లైనుతోని నడిస్తే నాకేం పని అన్నా, 150 రాసుడు? మొన్న ల్యాబ్‌ల సగం సిస్టములు నల్ల తెర కాడనే ఆగినయ్. నెట్‌వర్క్ పాత్ దొరకలే అని ఒక్క ముక్క రాసి ఊకున్నయ్. అదే సిస్టం కాడ జరసేపు ఆగి, అదే కమాండ్ చేత్తోని కొడితే టక్కున పనిచేసింది.

నల్లగొండ: జరసేపు ఆగినంక పనిచేసిందంటే అది స్విచ్చు కత. నీ స్క్రిప్టుతోని సంబంధం లేదు. చెప్త ఇను. ఓఎస్ ఎక్కేటప్పుడు నెట్‌వర్క్ ఒక్కసారి లేవది, మూడుసార్లు లేస్తది. ముందుగాల కార్డుల ఉన్న రోమ్ లేస్తది, గా పద్ధతినే పీఎక్స్ఈ అంటరు. అది డీహెచ్‌సీపీని అడ్రస్ అడుగుతది, బూట్ ఫైల్ పేరు తెలుసుకుంటది, టీఎఫ్‌టీపీతోని దించుకుంటది. అటెన్క విన్‌పీఈ లేస్తది. అది రోమ్ మాట నమ్మది, తన డ్రైవర్ తాను ఎక్కిచ్చుకుంటది. ఎక్కిచ్చుకునేటప్పుడు లింకు పడి లేస్తది. మూడోసారి, అసలు విండోస్ డిస్కు మీదికెళ్లి లేచినప్పుడు. లింకు పడి లేచినప్పుడల్లా స్విచ్చు ఆ పోర్టును మళ్ల మొదటికెళ్లి చూస్తది. లూపులు పడకుండ చూసే పాత స్పానింగ్ ట్రీ నడుస్తున్న పోర్టయితే 15 సెకన్లు వింటది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటది. గా 30 సెకన్లు దాటేదాంక నీ ప్యాకెట్ ఒక్కటి కూడ ముంగటికి పోదు.

పాలమూరు: మరి రోమ్‌కు అడ్రస్ ఎట్ల దొరికింది? దానికి లేదా 30 సెకన్లు?

నల్లగొండ: దానికీ ఉన్నది. కాని పీఎక్స్ఈ రాసినోళ్లు, అంటే ఇంటెల్, 1999 నాటి స్పెసిఫికేషన్లనే అడిగే పద్ధతి పెట్టిండ్రు. ఒకసారి అడిగి 4 సెకన్లు ఆగు, మళ్ల అడిగి 8, మళ్ల 16, మళ్ల 32. అంటే నాలుగో పిలుపు 28వ సెకను కాడ పోతది. లింకు అంతకు కొన్ని సెకన్ల ముంగటనే లేచి ఉంటది కాబట్టి గా నాలుగో పిలుపు అంచు మీద అందుతది. అందుకే ఒక సిస్టం లేస్తది, దాని పక్కది లేవది. మనం కార్డు పోయిందనుకుంటం.

పాలమూరు: విన్‌పీఈ కాడ?

నల్లగొండ: విన్‌పీఈ కూడ అడుగుతనే ఉంటది. కాని నీ స్క్రిప్టు ఆగది కదా. డబ్ల్యూపీఈ ఇనిట్ పని అయిపోయిందంటే కార్డు లేచిందని లెక్క, అడ్రస్ వచ్చిందని కాదు. దాని కింది లైన్లనే నువ్వు సర్వర్ షేరు అడుగుతున్నవు. చేతికి అడ్రసే లేదు. అడిగి అడిగి దొరకకపోతే విండోస్ తనంతల తానే 169.254తోని మొదలయ్యేది ఒకటి పెట్టుకుంటది. గది పెట్టుకున్నదంటే ఇగ ఆ సిస్టంకు ఊరుతోని సంబంధం తెగినట్టే.

పాలమూరు: అదే కదా నేను రాసింది! అడ్రస్ వచ్చేదాంక ఆగు, సర్వర్ పలికేదాంక ఆగు, పలికినంకనే షేరు అడుగు. ఐదేసి సెకన్లకు ఒకసారి చూస్తది, రెండు నిమిషాల దాంక చూస్తది. అండ్ల తప్పేమున్నది?

నల్లగొండ: తప్పు రోగం కాడ మందు పెట్టకపోవుడు. సిస్టములు గుచ్చే పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ పెడితే గా 30 సెకన్లే ఉండయి. పోర్టుకు ఒక్క లైను. నీ లూపంత తీసి పారెయ్యొచ్చు.

పాలమూరు: ఇప్పుడు నేను చెప్తా ఇను. ఏ సిస్టములు ఆగినయో ఒక కాగితం మీద గీసిన. పెద్ద స్విచ్చుకు నేరుగ గుచ్చినవి ఆగినయ్. బల్లల కింద ఎనిమిది పోర్టుల చవక డబ్బాలున్నయి చూడు, దుమ్ముల? వాటికి గుచ్చినవన్ని మంచిగ ఎక్కినయ్.

ఇక్కడ ఆయన కాసేపు మాట్లాడలేదు. మంచి స్విచ్చు కొన్నచోట పని ఆగింది, వెయ్యి రూపాయల డబ్బా పెట్టినచోట సాగింది. కారణం మాత్రం ఆయన చెప్పినదే. సిస్టం లింకు పడి లేచినా అది డబ్బా దగ్గరే ఆగిపోతుంది. డబ్బా నుంచి పెద్ద స్విచ్చుకు పోయే తీగ కదలదు, పెద్ద స్విచ్చుకు ఏమీ తెలియదు. డబ్బాకు స్పానింగ్ ట్రీ అన్నదే తెలియదు. ఒకరు పట్టుకున్న కారణాన్ని రెండోవాళ్లు గీసుకున్న కాగితం రుజువు చేసింది. తగువు మాత్రం తీరలేదు.

నల్లగొండ: చూసినవా, నేను చెప్పిందే నిజమాయె.

పాలమూరు: నిజమే. కాని పోర్ట్‌ఫాస్ట్ ఎక్కడ పెడతవు? ఏ పోర్టు సిస్టందో, ఏ పోర్టు డబ్బాదో నీకు ఎరికేనా? డబ్బా ఉన్న పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ పెట్టినవనుకో. పిల్లగాడు ఒకడు వేలాడుతున్న కేబుల్ చూసి, పాపం మంచికే అనుకొని, రెండు కొసలు అదే డబ్బాల గుచ్చిండనుకో. లూపు పడి ల్యాబంత పంటది.

నల్లగొండ: దానికి బీపీడీయూ గార్డ్ ఉన్నది. లూపు పడితే ఆ పోర్టును స్విచ్చే మూస్తది.

పాలమూరు: మూస్తే దాని కింద ఎనిమిది సిస్టములు పోయినట్టే కదా. మళ్ల నువ్వు నల్లగొండల బస్సెక్కి వచ్చి తెరవాలె. నీ ఒక్క లైను మూడు లైన్లు, ఒక బస్సు టికెట్ అయింది.

నల్లగొండ: పోర్టులు రాసిపెట్టుకుంటే గీ తిప్పలే ఉండది. ఏ గోడ సాకెట్ ఏ పోర్టుకు పోతదో స్విచ్చు మీద కాగితం అంటిచ్చి పెట్టాలె. మేకగూడల మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్‌కు జాగ తీసుకున్నది. ఆ జాగ 2016ల జిల్లాలు పంచినదాంక మీ పాలమూరు జిల్లానే. గసొంటి చోట సర్వర్ ముంగట కీబోర్డు పట్టుకొని ఎవ్వడు కూసోడు. అంత ఆటోమేటిక్. ఎందుకు నడుస్తదంటే, ర్యాకు పెట్టకముందే ఏ తీగ యాడికి పోవాలెనో రాసుంటది కాబట్టి.

పాలమూరు: ఆడ కరెంటు ఎట్లుంటదో, ఈడ ఎట్లుంటదో? మన నేల కింద అంత రాయి. ఎర్తింగ్ దొరకదు. గుంతల ఉప్పు, బొగ్గు నింపి, ఎండకాలం వస్తే బిందెలతోని నీళ్లు పోస్తరు. ఆ పోసేటాయన రాని ఏడు, మొదటి గాలివానకు ఉరుము ఉరిమిందంటే స్విచ్చుల రెండు మూడు పోర్టులు చచ్చిపోతయ్. అటెండర్ ఏం చేస్తడు? నీకు ఫోన్ చెయ్యడు. కేబుల్ తీసి, లైటు వెలుగుతున్న పోర్టుల గుచ్చుతడు. పని అయిపోతది. నీ కాగితం మాత్రం ఆనాటి నుంచి అబద్ధమే చెప్తది. అందుకే నేను కాగితాన్ని నమ్మను. సిస్టం లేచినప్పుడు అదే చూసుకోవాలె, నేను ఎక్కడున్న, నా గేట్‌వే ఏంది, నాకు అడ్రస్ ఇచ్చిందెవరు అని. గది కావాలంటే స్క్రిప్టు రాయాలె.

నల్లగొండ: ఆఁ, గదే అడుగుదామనుకున్న. ఆగుడు ఒక ముచ్చట. నువ్వు అండ్ల సిస్టం పేర్లు కూడ పెడుతున్నవు. గేట్‌వే అడ్రస్ చూసి ఇది ఫలానా బ్లాకు, ఫలానా ల్యాబ్ అని రాసినవు. రేపు నేను వీల్యాన్ మార్చిన్నంటే నీ ఇమేజ్ మొత్తం మళ్ల కట్టాలె. డీహెచ్‌సీపీల మాక్ అడ్రస్‌కు రిజర్వేషన్ పెడితే అంత ఒక్క చోటనే ఉండు.

పాలమూరు: గేట్‌వే చూసి జాగ పోల్చుకునుడు నా సొంత తెలివి కాదన్నా. మైక్రోసాఫ్ట్ డిప్లాయ్‌మెంట్ టూల్‌కిట్లనే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక సెక్షన్ ఉండె. మాక్ అడ్రస్ అంటవా? పోయిన ఎండకాలం మదర్‌బోర్డులు మార్చినప్పుడు మాక్‌లు అన్ని మారినయ్. లాన్ పోర్టు పోయిన వాటికి యూఎస్‌బీ అడాప్టర్ పెట్టినం. ఒకటే అడాప్టర్ తిప్పి తిప్పి పది సిస్టములకు ఓఎస్ ఎక్కిస్తే, పదింటికీ ఒకటే మాక్, ఒకటే పేరు.

నల్లగొండ: అయితే ఆ పట్టిక ఇమేజ్‌ల ఎందుకు? బయట సర్వర్ మీద పెట్టు. ఇమేజ్‌ల ఉన్న స్క్రిప్టు సర్వర్ కాడికి పోయి, అసలు స్క్రిప్టు తెచ్చుకొని నడిపితే చాలు. నేను వీల్యాన్ మార్చిననాడు నువ్వు ఒక్క ఫైలు మారుస్తవు. ఇమేజ్ జోలికి పోవాల్సిన పనే లేదు.

పాలమూరు: ...గది మాత్రం బాగున్నది.

ఆమె ఒప్పుకున్న తీరు చూస్తే ఇది ముందే తట్టి వాయిదా వేసిన పని అనిపించింది. మనలో మాట, స్క్రిప్టులు రాసేవాళ్లందరి దగ్గరా ఇలాంటివి ఉంటాయి. ఇమేజ్‌లో ఉన్నది ఎంత చిన్నదైతే అంత మేలు. దాన్ని తెరిచి, మార్చి, మూసి, మళ్లీ సర్వర్‌కు ఎక్కించేసరికి మధ్యాహ్నం అయిపోతుంది.

నల్లగొండ: ఇంకోటి. సర్వర్ పలికిందో లేదో పింగ్ కొట్టి చూస్తున్నవు. విండోస్ పింగ్‌ను నమ్ముకున్నోడు చెడిపోతడు. అవతల మనిషి లేకపోయినా డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని మన కార్డే మనకు జవాబిస్తది. పింగ్ దాన్ని కూడ జవాబు కింద లెక్కేసి, ఎర్రర్ లెవెల్ సున్న అని చెప్తది. నీ స్క్రిప్టేమో సర్వర్ దొరికిందని ముంగటికి పోతది.

పాలమూరు: నా స్క్రిప్టు మొత్తం చదవలేదన్నట్టు. నేను ఎర్రర్ లెవెల్ చూస్తలేను. పింగ్ రాసిన దాంట్ల టీటీఎల్ అన్న ముక్క ఉన్నదా లేదా అని వెతుకుతున్న. నిజంగ అవతలికెళ్లి జవాబు వస్తేనే టీటీఎల్ ఉంటది.

నల్లగొండ: (నవ్వి) సరే, గది నీకు.

పాలమూరు: ఇంకోటి కూడ నాకే ఇయ్యి. పాత సిస్టములకు డెబియన్ ఎక్కిస్తున్నం కదా. దానికి జవాబుల ఫైలు ప్రీసీడ్. ఆ ఫైలు ఉన్నది సర్వర్ మీద. దాన్ని తెచ్చుకోవాలంటే ముందు నెట్‌వర్క్ లేవాలె. నెట్‌వర్క్ ఎట్ల లేవాలెనో రాసింది ఆ ఫైలులనే! తీరా ఫైలు వచ్చేటాల్లకు నెట్‌వర్క్ ముచ్చట అయిపోయి ఉంటది, మనం రాసిన స్టాటిక్ అడ్రస్‌ను అది పట్టించుకోది. దీనికి డెబియన్ ఇన్‌స్టలేషన్ గైడ్‌లనే ఉపాయం ఇచ్చిండ్రు. ప్రీసీడ్ రన్ అని ఒక చిన్న స్క్రిప్టు పెట్టి, నడుస్తున్న డీహెచ్‌సీపీని చంపి, నెట్‌సీఎఫ్‌జీని మళ్ల మొదటికెళ్లి నడపమన్నరు. ఓఎస్ కట్టినోళ్లే, మా పద్ధతి ఇక్కడ సరిపోదు, నీ స్క్రిప్టు నువ్వు రాసుకో అని చెప్పినట్టు కాదా?

నల్లగొండ: చెప్పిండ్రు. రెండు ముక్కల స్క్రిప్టు చెప్పిండ్రు. 150 లైన్లది చెప్పలే.

పాలమూరు: రెడ్‌హ్యాట్ కిక్‌స్టార్ట్‌ల ప్రీ సెక్షన్ ఉన్నది. సుసే ఆటోయాస్ట్‌ల కూడ ప్రీ స్క్రిప్టులు ఉన్నయ్. ల్యాబులకు ఇమేజ్‌లు దింపే ఫాగ్‌ల పోస్ట్ ఇనిట్ అని ఒక ఫోల్డర్ ఇచ్చి పెట్టిండ్రు. ఇంతమంది ఎందుకు తలుపు పెట్టినట్టు? అందరికీ ఎరికే, ఊరూరి నెట్‌వర్క్ ఒక తీరుగ ఉండదని.

నల్లగొండ: తలుపు ఉన్నదని ఇల్లంత తలుపులు పెట్టుకోం కదా చెల్లె. సరే, అసలు భయం చెప్త. నీ స్క్రిప్టుల షేరుకు పోయే యూజర్ పేరు, పాస్‌వర్డ్ బయటనే రాసున్నయ్. ఆ ఇమేజ్ యాడున్నది? టీఎఫ్‌టీపీ సర్వర్ల. టీఎఫ్‌టీపీకి 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1350ల లాగిన్ అన్నదే లేదు. ఎవడు అడిగినా ఇస్తది. హాస్టల్ పిల్లగాడు ల్యాప్‌టాప్ తెచ్చి గోడ సాకెట్‌ల గుచ్చి, ఇమేజ్ దించుకొని, మౌంట్ చేసి, నోట్‌ప్యాడ్‌ల నీ పాస్‌వర్డ్ చదువుతడు. అదే పాస్‌వర్డ్ మీ సర్వర్ అడ్మిన్‌ది కాదు కదా?

పాలమూరు: కాదు. ఆ అకౌంట్ ఒక్క షేరును చదువుడు తప్ప ఇంకేం చెయ్యలేదు.

నల్లగొండ: ఆ షేరుల డొమైన్‌ల చేర్చే పాస్‌వర్డ్ ఉన్న జవాబుల ఫైలు ఉన్నదా, లేదా?

పాలమూరు: ఉన్నది.

నల్లగొండ: మరి?

ఆమె దగ్గర జవాబు లేదు. నాకు తెలిసి చాలామంది దగ్గర లేదు. స్క్రిప్టులో పాస్‌వర్డ్ ఉంటే అది దాచిన పాస్‌వర్డ్ కాదు, పంచిపెట్టిన పాస్‌వర్డ్. తీసేయాలంటే ప్రతి సిస్టం ముందూ ఎవరో ఒకరు టైప్ చేయాలి, అప్పుడు అది ఆటోమేటిక్ కాదు. లేదా ఓఎస్ ఎక్కించే పనికి ఒక వీల్యాన్ విడిగా పెట్టి, పని జరిగే గంటల్లోనే తెరిచి, తర్వాత మూసేయాలి. డొమైన్‌లో చేర్చే అకౌంట్‌కు ఆ ఒక్క పని తప్ప ఇంకే హక్కూ ఉండకూడదు. విడి వీల్యాన్ సంగతి ఆయనే చెప్పాడు, ఆమె వెంటనే రాసుకుంది. ఈ ఒక్క విషయంలో నల్లగొండ మాటకు నా ఓటు పూర్తిగా.

నల్లగొండ: ఇంకొక్క సంగతి. నీ పీఎక్స్ఈ మెనూల, ఎవరూ ఏం నొక్కకపోతే ఏమైతది? నేరుగ ఇన్‌స్టాల్‌కు పోతదా?

పాలమూరు: పోదు. ఏం నొక్కకపోతే డిస్కు మీదికెళ్లే లేస్తది.

నల్లగొండ: దేవుడా, బతికిచ్చినవు. 2014 మే నెలల అమెరికాల, అట్లాంటా కాడ ఎమరీ యూనివర్సిటీల ఏమైందో ఎరికేనా? విండోస్ 7 ఎక్కించే పని పొరపాటున యూనివర్సిటీల ఉన్న విండోస్ సిస్టములన్నిటికీ పోయింది. డెస్క్‌టాపులు, ల్యాప్‌టాపులు, సర్వర్లు, అన్ని ఫార్మాట్ అయినయ్. ఆఖరికి ఆ పనిని పంపించిన సర్వర్ కూడ తన్ను తానే ఫార్మాట్ చేసుకున్నది.

పాలమూరు: నువ్వు ఎమరీ చెప్తే నేను శంషాబాద్ చెప్తా. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌తోని ప్రపంచమంతట 85 లక్షల విండోస్ సిస్టములు నీలి తెర ఏసినయ్. గీ లెక్క మైక్రోసాఫ్టే చెప్పింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు చేత్తోని రాసిచ్చిండ్రు. సిస్టములు మళ్ల ఎట్ల లేచినయ్? మైక్రోసాఫ్ట్ ఒక టూల్ ఇచ్చింది. విన్‌పీఈతోని లేపి, స్క్రిప్టు నడిపి, ఆ చెడ్డ ఫైలు తీసేసుడు. ముందు పెన్‌డ్రైవ్ మీద ఇచ్చి, అటెన్క పీఎక్స్ఈ మీద కూడ ఇచ్చిండ్రు. విన్‌పీఈ లేచిన మొదటి నిమిషంల మన స్క్రిప్టు నడిచే జాగ లేకపోతే ఆ మందు ఎట్ల ఏస్తుండె?

నల్లగొండ: నేను జాగ వద్దంటలేను. మీ వనపర్తి కాడ సరళాసాగర్ చూసినవా? 1959ల కట్టిండ్రు. నీళ్లు నిండంగనే సైఫన్లు తమంతల తామే తెరుచుకుంటయ్, తగ్గంగనే మూసుకుంటయ్. గేటు లేదు, గేటు తిప్పే మనిషి లేడు. అసలైన ఆటోమేటిక్ అంటే గది. కాని 2019 డిసెంబర్ 31న ఏమైంది? మట్టికట్ట తెగి నీళ్లన్ని పోయినయ్. ఎవడు సైఫన్ల దిక్కే చూస్తడో వానికి కట్ట యాదికుండది. నీ స్క్రిప్టు సైఫన్. నా స్విచ్చులు కట్ట.

పాలమూరు: మంచిగ చెప్పినవు. కాని సైఫన్ ఎట్ల పనిచేస్తదో కూడ చెప్పు. ఇంజినీరు హైదరాబాద్ల కూసోని ఫలానా తారీఖున తెరువు అని రాసిపెట్టలే. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చినయో ఆడనే, అప్పుడే అదే చూసుకుంటది. నేను రాసింది కూడ గదే. అడ్రస్ వచ్చిందా, సర్వర్ పలికిందా అని ఆడికాడ చూసుకోవాలె. నువ్వు చెప్పే పద్ధతిల నీళ్లు ఎప్పుడు వస్తయో ముందే కాగితం మీద రాసుండాలె.

ఈ మాటకు ఆయన తల ఊపాడు గానీ ఒప్పుకున్నాడని చెప్పలేను. నేను మధ్యలో దూరి ఒకటి అడిగాను. స్క్రిప్టు ఆగుతుంది సరే, ఎంతసేపు ఆగిందో ఎక్కడైనా రాస్తుందా?

పాలమూరు: లేదు. తెర మీద చుక్కలు పెడుతది. లేచినంక పోతయ్.

నల్లగొండ: చూడు! నా అసలు బాధ గదే. నీ లూపు వచ్చినాంక ల్యాబ్‌ల ఒక్క సిస్టం ఆగలేదు, నాకు ఒక్క ఫోన్ రాలేదు. నేను స్విచ్చు మంచిగున్నదనుకున్న. అది ప్రతిసారి 30 సెకన్లు తింటనే ఉన్నది, నీ స్క్రిప్టు దాన్ని కడుపుల పెట్టుకొని దాస్తనే ఉన్నది. ఎంసెట్ 2018ల ఆన్‌లైన్ అయినకాంచి నల్లగొండ, కోదాడ, మహబూబ్‌నగర్ అన్ని పరీక్ష సెంటర్లే. పరీక్ష పెట్టేటోళ్లు వాళ్ల సాఫ్ట్‌వేర్ వాళ్లు తెచ్చుకుంటరు. వాళ్లదాంట్ల నీ లూపు ఉండది. ఆనాడు నా స్విచ్చు రోగం బయటపడుతది, నేను బద్‌నాం అయిత.

పాలమూరు: ఆఁ... గది నాకు తట్టలే. లాగ్ రాస్త. సిస్టం సీరియల్ నంబర్, మాక్, ఎన్ని సెకన్లకు అడ్రస్ వచ్చింది, ఎన్ని సెకన్లకు సర్వర్ పలికింది, అడ్రస్ ఇచ్చిన డీహెచ్‌సీపీ సర్వర్ ఏది, అన్ని ఒక లైను. ఆ ఫైలు సర్వర్ మీద ఉంటది.

నల్లగొండ: డీహెచ్‌సీపీ ఇచ్చిందెవరో తప్పకుండ రాయి. స్టాఫ్ రూముల ఎవరో వైఫై కోసమని ఇంట్లకెళ్లి రౌటర్ తెచ్చి, దాని లాన్ పోర్టును గోడ సాకెట్‌ల గుచ్చుతరు. అది కూడ అడ్రసులు పంచుతది. మన సర్వర్ కన్న ముందే పంచుతది. నేను డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెడత, కాని నీ డబ్బాల కింద గుచ్చితే ఆ డబ్బాల ఉన్నోళ్లను నేను కాపాడలేను.

పాలమూరు: చూసినవా, నీ స్విచ్చుకు కనపడనిది నా స్క్రిప్టుకు కనపడుతది.

నల్లగొండ: కనపడితే చెప్పు. దాచకు. గంతే నేననేది.

తగువు ఇక్కడికి సగం తీరింది. కాసేపు మాట ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే టీ-ఫైబర్ మీదికి పోయింది. 2024 డిసెంబర్‌లో పైలట్‌గా కనెక్షన్లు ఇచ్చిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. రేపు అన్ని కాలేజీలకూ మంచి ఫైబర్ ఉంటే ఒక్కచోట సర్వర్ పెట్టి అన్ని ల్యాబులకూ అక్కడి నుంచే ఎక్కించొచ్చని ఆమె ఆశ. ఆయన వేళ్ల మీద లెక్క కట్టాడు. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపుతుంది, అందిందని జవాబొచ్చేదాకా రెండోది పంపదు. 400 ఎంబీ ఇమేజ్ అంటే 8 లక్షల పైచిలుకు ముక్కలు. పోయి రావడానికి 20 మిల్లీసెకన్లు పట్టినా, అన్నీ కలిపి నాలుగున్నర గంటలు. తీగ ఎంత లావున్నా ఒరిగేదేమీ లేదు. ముక్క సైజు పెంచుకునే వీలుంది, కొత్త యూఈఎఫ్‌ఐ బోర్డుల్లో నేరుగా హెచ్‌టీటీపీ మీద లేచే వీలూ ఉంది. అది ఇంకో రోజు పెట్టుకోవాల్సిన తగువు.

పాలమూరు: అయితే మాట ఖాయం చేద్దాం. పట్టిక సర్వర్ మీదికి పోతది. పాస్‌వర్డ్ ముచ్చటకు నువ్వు విడిగ వీల్యాన్ ఇస్తవు. ఇమేజ్‌ల నేను ఆగుడు, చూసుడు, లాగ్ రాసుడు మాత్రమే ఉంచుత. 40 లైన్లు అయితది.

నల్లగొండ: నేను పోర్ట్‌ఫాస్ట్ పెడత. పెట్టినంక నీ లాగ్‌ల సెకన్లు తగ్గితే ఆ లూపు కూడ తీసెయ్.

పాలమూరు: తియ్య.

నల్లగొండ: ఎందుకు తియ్యవు? ఆగే పనే లేనప్పుడు?

పాలమూరు: ఆగే పని లేకపోతే అది ఆగది. ఒక్కసారి చూసి, సర్వర్ పలికిందని ముంగటికి పోతది. పోయిన ఉరుముకు పోర్టు మారినట్టు రేపు మళ్ల మారితే? పోర్ట్‌ఫాస్ట్ లేని పోర్టుల అటెండర్ గుచ్చితే?

నల్లగొండ: అన్ని యాక్సెస్ పోర్టులకు పెడత అంటున్న కదా.

పాలమూరు: ఎప్పుడు పెడతవు?

నల్లగొండ: వచ్చేవారం. కోదాడల పని ఉన్నది, అది అయిపోయినంక.

పాలమూరు: గంతదాంక ఎందుకన్నా? ఒక పని చెయ్యి. స్విచ్చు లాగిన్ నాకియ్యి. ఏ సిస్టం 30 సెకన్లు ఆగిందో లాగ్‌ల ఉంటది, దాని మాక్ ఉంటది. ఆ మాక్ ఏ పోర్టుల ఉన్నదో స్విచ్చునే అడిగి, ఆ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ పెట్టే స్క్రిప్టు ఈ రాత్రికే రాస్త.

నల్లగొండ: చెల్లె, పొద్దున్నుంచి నేను వద్దంటున్నది గదే!